వానాకాలం ఫుట్‌బాల్, చలికాలం క్రికెట్

1966 డిసెంబరు. గ్యారీ సోబర్స్ నాయకత్వంలో వెస్టిండీస్ జట్టు మన దేశంలో పర్యటిస్తోంది. కిందటేడు ఆస్ట్రేలియాను, ఆ ఏడాది వేసవిలో ఇంగ్లండ్‌ను ఓడించి వచ్చిన జట్టు అది. బొంబాయిలో మొదటి టెస్టు కూడా గెలిచేసింది. కలకత్తా టెస్టుకు ముందు ఇండోర్‌లో సెంట్రల్, ఈస్ట్ జోన్ల ఉమ్మడి జట్టుతో ఒక మ్యాచ్ పెట్టారు. స్థానిక జట్టు పరువు నిలుపుకుంటే చాలనుకున్న మ్యాచ్ అది. తీరా చూస్తే వెస్టిండీస్ ఇన్నింగ్స్ తేడాతో ఓడిపోయింది. పడిన ఇరవై వికెట్లలో పంతొమ్మిదిని ఇద్దరు బెంగాల్ మీడియం పేసర్లే పంచుకున్నారు. సుబ్రత గుహకు పదకొండు, రెండో బౌలర్‌కు ఎనిమిది. ఆ రెండో బౌలర్ మొదటి ఇన్నింగ్స్‌లో 47 పరుగులిచ్చి ఐదుగురిని, రెండో ఇన్నింగ్స్‌లో ముగ్గురిని అవుట్ చేశాడు.

గుహ తర్వాత టెస్టులు ఆడాడు. రెండో బౌలర్ ఆడలేదు. కానీ అతను అప్పటికే భారతదేశానికి కెప్టెన్‌గా చేసినవాడు, ఆసియా క్రీడల్లో బంగారు పతకం అందుకున్నవాడు. అదంతా క్రికెట్‌లో కాదు, ఫుట్‌బాల్‌లో! ఇండోర్‌లో బంతి వేస్తున్న ఆ రోజుకు కూడా అతను మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడే.

అతని పేరు సుబిమల్ గోస్వామి. లోకానికి చునీ గోస్వామి.

ఈ ధారావాహిక కిందటి భాగంలో హైదరాబాద్ వీరుడు ‘రెయిన్‌బో’ హాదీ గురించి చెప్పుకున్నాం. డేవిస్ కప్‌లో టెన్నిస్ ఆడి, రంజీ ట్రోఫీ మొట్టమొదటి సీజన్‌లోనే మొట్టమొదటి సెంచరీ కొట్టిన సయ్యద్ మహమ్మద్ హాదీ కాలం వేరు. అప్పట్లో ఆటలు సంపన్నుల, సంస్థానాల నీడన సాగాయి. చునీ కాలానికి ఆట జనంలోకి వచ్చేసింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ ఉందంటే కలకత్తా నగరం నిట్టనిలువునా రెండుగా చీలిపోయేది. అలాంటి చోట ఒక ఆటలో దేశంలోనే మేటిగా నిలబడి, అది విడిచాక రెండో ఆటలో రాష్ట్ర జట్టును ఫైనల్‌దాకా నడిపించడం ఆషామాషీ వ్యవహారం కాదు.

చునీ 1938 జనవరి 15న తూర్పు బెంగాల్‌లోని కిశోర్‌గంజ్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తూర్పు బెంగాల్ మూలాలున్న కుటుంబాలు సాధారణంగా ఈస్ట్ బెంగాల్ క్లబ్ వైపు మొగ్గేవి. చునీ మాత్రం ఎనిమిదేళ్ల వయసులో, 1946లో, మోహన్ బగాన్ జూనియర్ జట్టులో చేరాడు. బలాయిదాస్ చటర్జీ చేతిలో తయారయ్యాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టు కోచ్ ఆయనే. 1954లో చునీ సీనియర్ జట్టులోకి వచ్చాడు, 1968 దాకా అక్కడే ఆడాడు. ఎన్ని ఆశలు చూపినా మరో క్లబ్ చొక్కా తొడగలేదు. 1960 నుంచి 1964 వరకు కెప్టెన్ కూడా అతనే. 1963, 64, 65లలో మోహన్ బగాన్ వరసగా మూడుసార్లు డ్యూరాండ్ కప్ ఎగరేసుకుపోయింది.

ఫుట్‌బాల్‌తో పాటు క్రికెట్ ఎలా సాగింది? దీనికి జవాబు చునీ ప్రతిభలో సగమే ఉంది. మిగతా సగం కలకత్తా మైదాన్‌లో ఉంది. అక్కడ ఫుట్‌బాల్ లీగ్ ఎండాకాలం చివర్లో, మే నెలలో మొదలై వానల్లో తడుస్తూ సాగేది. బురద మైదానం, జారే బంతి, గొడుగుల కింద వేలాది జనం. చలి ముదిరే వేళకు అదే మైదాన్‌లో క్రికెట్ వికెట్లు పాతేవారు. మోహన్ బగాన్ మైదానం నుంచి ఈడెన్ గార్డెన్స్‌కు నడిచి వెళ్లొచ్చు. క్లబ్‌లో ఫుట్‌బాల్‌తో పాటు క్రికెట్, హాకీ జట్లూ ఉండేవి. ఒకే టెంటు, ఒకే నిర్వాహకులు, ఒకే స్నేహితులు. రుతువు మారితే కాళ్లకు బూట్లు, చేతిలో సరంజామా మారేవి, అంతే. చునీ ఈ రెండు ఆటల్లోనూ కలకత్తా యూనివర్సిటీకి ఆడాడు. క్లబ్ తరఫున హాకీ, సరదాకు టెన్నిస్ కూడా ఆడేవాడు. పొట్టకూటికి స్టేట్ బ్యాంక్ ఉద్యోగం. ఆట ఏదైనా జీతం బ్యాంకు నుంచే వచ్చేది కాబట్టి ఒక్క ఆటకే కట్టుబడి ఉండాలన్న షరతు పెట్టేవాళ్లు లేరు.

ఫుట్‌బాల్‌లో అతనిది ఇన్‌సైడ్ లెఫ్ట్ స్థానం. మనిషి సన్నగా, చురుగ్గా ఉండేవాడు. బంతి కాలికి అతుక్కున్నట్టే ఉండేది. నడుము ఒక వైపు వంచి మరో వైపు జారిపోవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఎదుటి డిఫెండర్ తప్పు అడుగు వేసేలోగా బంతి పెనాల్టీ ఏరియాలో ఉండేది. 1956లో భారత జట్టు తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. అదే ఏడాది మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది గానీ ఆ జట్టులో అతనికి చోటు దక్కలేదు. 1958 టోక్యో ఆసియా క్రీడలు, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. రోమ్‌లో మనవాళ్లు ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించారు, హంగరీ చేతిలో 1-2తో మాత్రమే ఓడారు. అప్పటికి ముగ్గురు ఫార్వర్డ్‌ల పేర్లు కలిపి పలకడం జనానికి అలవాటైపోయింది: పి.కె., చునీ, బలరామ్.

ఇక్కడే మన హైదరాబాద్ ఈ కథలోకి వస్తుంది. తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ కుర్రాడు. కలకత్తాలో అతను ఈస్ట్ బెంగాల్ ఆటగాడు, అంటే చునీకి బద్ధ ప్రత్యర్థి. ఇండియా చొక్కా తొడిగితే ఇద్దరూ ఒకరి మనసు ఒకరికి తెలిసినట్టు బంతి అందించుకునేవారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా సికింద్రాబాద్ మైదానాల్లో పెరిగినవాడే. యూసుఫ్ ఖాన్ హైదరాబాద్ సిటీ పోలీస్ ఆటగాడు. వీళ్లందరినీ ఒక్క తాటిపై నడిపిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీమ్. బడిపంతులుగా మొదలై కోచ్‌గా మారిన రహీమ్ సాబ్ శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే కోచ్. బంతిని ఎక్కువసేపు పట్టుకుని సొగసులు పోయేవాళ్లంటే ఆయనకు గిట్టేది కాదు. డ్రిబ్లింగ్‌లో ఆరితేరిన చునీ లాంటివాణ్ని అలాంటి గురువు కెప్టెన్‌గా నమ్ముకున్నారంటే, అతనిలో సొగసుతో పాటు పని జరిపించే నేర్పు ఎంతుందో తెలుస్తుంది.

1962 జకార్తా ఆసియా క్రీడలు. భారత జట్టు కెప్టెన్ చునీ, వయసు ఇరవై నాలుగు.

పోటీలు మొదలు కాకముందే గొడవ రాజుకుంది. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదు. ఇది ఆసియా క్రీడల నియమాలకు విరుద్ధమని, ఈ పోటీలకు ఆ పేరు వాడరాదని భారత ప్రతినిధి జి.డి. సోంధీ పట్టుబట్టారు. దాంతో జకార్తా జనం కోపం భారతీయుల మీదికి మళ్లింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఆటగాళ్లు బయట తిరగడానికే జంకాల్సి వచ్చింది.

మైదానంలోనూ ఆరంభం బాగాలేదు. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో గెలిచి సెమీఫైనల్‌కు చేరారు. కానీ థాయ్‌లాండ్ మ్యాచ్‌లో డిఫెన్స్‌కు ప్రాణం లాంటి జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు పడ్డాయి. డిఫెన్స్‌లో ఆడితే ప్రతి ఎత్తు బంతికీ తల అడ్డం పెట్టాలి. అందుకని రహీమ్ సాబ్ సాహసం చేశారు. జర్నైల్‌ను వెనక నుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా ముందు నిలబెట్టారు. కట్టు కట్టుకున్న తలతో అతను దక్షిణ వియత్నాం మీద సెమీఫైనల్ ఆడి ఒక గోల్ చేశాడు. మిగతా రెండు గోల్స్ చునీవి. భారత్ 3-2తో గట్టెక్కింది. నా లెక్కలో చునీ ఫుట్‌బాల్ జీవితంలో అతి ముఖ్యమైన మ్యాచ్ ఇదే. అందరూ ఫైనల్ గురించి చెబుతారు గానీ ఆ రెండు గోల్స్ లేకపోతే ఫైనల్ అన్నదే లేదు.

సెప్టెంబరు 4న సెనాయన్ స్టేడియంలో ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా, చుట్టూ దాదాపు లక్ష మంది. మన జాతీయ గీతం వినిపించినప్పుడు గేలి, మనవాళ్ల కాలికి బంతి తగిలితే ఈలలు. ఆ జనంలో మనవైపు గొంతు కలిపింది పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆనాటి మనవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. ఫ్లూ నుంచి లేచిన తంగరాజ్ గోల్ కాశాడు. పదిహేడో నిమిషంలో పి.కె., మూడు నిమిషాల తేడాలో జర్నైల్ గోల్స్ కొట్టారు. ఆట చివర్లో కొరియా ఒకటి చేసింది గానీ అప్పటికే ఆలస్యమైంది. 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకది రెండో స్వర్ణం. మూడోది ఇప్పటికీ రాలేదు.

అప్పటికే రహీమ్ సాబ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. అదే ఏడాది బలరామ్ అనారోగ్యంతో ఆట మానేయాల్సి వచ్చింది. చునీ నాయకత్వంలోనే భారత్ 1964లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఆసియా కప్‌లో దక్షిణ కొరియాను, హాంకాంగ్‌ను ఓడించి రెండో స్థానంలో నిలిచింది. మెర్డెకా టోర్నీలో కూడా ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఏడాదే చునీ అంతర్జాతీయ ఫుట్‌బాల్‌కు స్వస్తి చెప్పాడు. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు కూడా నిండలేదు.

ఇది తొందరపాటని నేను గట్టిగా అంటాను. గురువు పోయి, జత ఆటగాడు మంచానపడి, జట్టు చెదిరిపోతున్న వేళ కెప్టెన్ ఇంకో రెండు మూడేళ్లు నిలబడితే కొత్తవాళ్లకు చేయూత దొరికేది. టోక్యో ఒలింపిక్స్ అర్హత పోటీల్లో ఇరాన్ చేతిలో ఓడిన భారత్ ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్స్ ఫుట్‌బాల్ గడప తొక్కలేదు. దీనికి చునీ ఒక్కణ్నీ బాధ్యుణ్ని చేయడం అన్యాయం. అయితే మన ఫుట్‌బాల్ పతనం లెక్క రాసేటప్పుడు, ఏడాదిన్నర వ్యవధిలో రహీమ్, బలరామ్, చునీ ముగ్గురూ తప్పుకోవడాన్ని మొదటి వరసలో రాయాలి.

చునీ ఊరికే కూర్చోవడానికి తప్పుకోలేదు. జకార్తా స్వర్ణం గెలిచిన కొన్ని నెలలకే, 1962-63 సీజన్‌లో, అతను బెంగాల్ తరఫున రంజీ ట్రోఫీలో అడుగుపెట్టాడు. ఆ సీజన్‌కు ఒక ప్రత్యేకత ఉంది. మన బ్యాట్స్‌మెన్‌కు వేగం అలవాటు చేయాలని క్రికెట్ బోర్డు నలుగురు వెస్టిండీస్ ఫాస్ట్ బౌలర్లను రప్పించి తలా ఒక జట్టుకు ఇచ్చింది. బెంగాల్‌కు లెస్టర్ కింగ్ వచ్చాడు. హైదరాబాద్‌కు వచ్చినవాడు రాయ్ గిల్‌క్రిస్ట్, బ్యాట్స్‌మెన్ గుండెల్లో రైళ్లు పరుగెత్తించే మనిషి. బెంగాల్, హైదరాబాద్ తలపడినప్పుడు గిల్‌క్రిస్ట్‌ను కాచుకుని పంకజ్ రాయ్ రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు చేశాడు. హెల్మెట్ లేని రోజులవి. ఫుట్‌బాల్ కెప్టెన్ సరదాకు తొంగిచూసి వెళ్లే చోటు కాదు రంజీ క్రికెట్.

చునీ కుడిచేతి బ్యాట్స్‌మన్, మీడియం పేస్ బౌలర్. ఫీల్డింగ్‌లో అతని కాళ్లు ఫుట్‌బాల్ ఆటగాడి కాళ్లే. బంతి వెనక పరుగెత్తడంలో, దూరం కొలిచి క్యాచ్ కిందికి చేరడంలో అప్పటి క్రికెటర్లు చాలామంది అతనికి సాటిరారు. ఇండోర్ విజయం తర్వాత అతన్ని అలంకారానికి పెట్టుకున్న పేరు అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

1968లో మోహన్ బగాన్‌కు కూడా వీడ్కోలు చెప్పాక పూర్తిగా క్రికెట్‌కు అంకితమయ్యాడు. ఆ సీజన్‌లోనే బెంగాల్ రంజీ ఫైనల్ చేరింది. ఎదురుగా బొంబాయి. 1958-59 నుంచి రంజీ ట్రోఫీని ఇంటి సొత్తు చేసుకున్న జట్టు, వరసగా పదిహేనేళ్లు దాన్ని ఎవరికీ వదల్లేదు. అలాంటి జట్టు మీద, వాళ్ల ఊళ్లోనే, చునీ మొదటి ఇన్నింగ్స్‌లో 96, రెండో ఇన్నింగ్స్‌లో 84 చేశాడు. ఇంకో ఇరవై పరుగులు సరిగ్గా పడి ఉంటే ఫైనల్‌లో రెండు సెంచరీల ఘనత అతనిదయ్యేది. మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యంతో ట్రోఫీ బొంబాయికే దక్కింది. కొన్ని నెలల కిందటి దాకా ఫుట్‌బాల్ ఆడిన మనిషి, ముప్పై ఒకటో ఏట, దేశంలోకెల్లా బలమైన జట్టు మీద ఒకే మ్యాచ్‌లో 180 పరుగులు చేయడం భారత క్రికెట్ చరిత్రలో దక్కవలసినంత గౌరవం దక్కని విషయం.

1971-72లో బెంగాల్ మళ్లీ ఫైనల్‌కు వచ్చింది. ఈసారి కెప్టెన్ చునీయే. మళ్లీ బొంబాయే, మళ్లీ బ్రబోర్న్ స్టేడియమే. వెస్టిండీస్‌లో తొలి సిరీస్‌లోనే 774 పరుగులు చేసి వచ్చిన సునీల్ గవాస్కర్ అప్పటికి బొంబాయి బలగంలో ఉన్నాడు. బెంగాల్ ఓడింది. మరుసటి సీజన్‌తో చునీ క్రికెట్ కూడా ముగిసింది. మొత్తం 46 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లు, 28.42 సగటుతో 1,592 పరుగులు, ఒక సెంచరీ, 24.08 సగటుతో 47 వికెట్లు. ఈ అంకెలు చూసి టెస్టు ఆడించి ఉండాల్సిందని వాదించలేం. అయితే బ్యాటింగ్ సగటు బౌలింగ్ సగటు కన్నా ఎక్కువ ఉంటే ఆ మనిషి నిఖార్సైన ఆల్‌రౌండర్ అని క్రికెట్ తెలిసినవాళ్లు ఒప్పుకుంటారు. చునీ ఆ లెక్కకు నిలబడతాడు.

ఇంగ్లండ్‌లో ఇలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. అందరికన్నా ప్రసిద్ధుడు డెనిస్ కాంప్టన్. వేసవిలో మిడిల్‌సెక్స్‌కు, ఇంగ్లండ్‌కు క్రికెట్, చలికాలంలో ఆర్సెనల్‌కు ఫుట్‌బాల్. 1947 ఒక్క సీజన్‌లోనే 3,816 పరుగులు, 18 సెంచరీలు చేశాడు. 1950లో ఎఫ్.ఎ. కప్ పతకం అందుకున్నాడు. కానీ ఫుట్‌బాల్‌లో తగిలిన దెబ్బ అతని మోకాలిని జీవితాంతం పీడించింది, చివరికి మోకాలిచిప్ప తీసేయాల్సి వచ్చింది. ఒక ఆట ఇంకో ఆటను తినేసింది. చునీ విషయంలో అలా జరగలేదు. అతను రెండు ఆటలనూ సమానంగా మోయాలని చూడలేదు. ముందు ఫుట్‌బాల్‌ను శిఖరానికి తీసుకెళ్లి, ఆ పక్కనే క్రికెట్‌ను పదును తగ్గకుండా ఉంచుకుని, సమయం రాగానే దానిమీదికి మళ్లాడు.

ఆ దారి ఇప్పుడు మూసుకుపోయింది. ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ సాగే నెలలే రంజీ ట్రోఫీ నెలలు. వానాకాలంలో ఒకటి, చలికాలంలో మరొకటి అనే విభజన చెరిగిపోయింది. పదేళ్లు నిండకముందే పిల్లణ్ని ఏదో ఒక అకాడమీలో చేర్చి, మిగతా ఆటలకు దూరంగా ఉంచడం ఆనవాయితీ అయింది. పద్నాలుగు పదిహేనేళ్లు వచ్చేదాకా రెండు మూడు ఆటలు ఆడనివ్వండని తల్లిదండ్రులకు చెప్పడానికి చునీ జీవితం కన్నా మంచి ఉదాహరణ మన దేశంలో నాకు కనిపించదు. ఇండోర్‌లో బంతి వేసినా, బ్రబోర్న్‌లో బ్యాటు పట్టినా అతనికి అక్కరకొచ్చినవి మోహన్ బగాన్‌లో గట్టిపడ్డ కాళ్లు, సెనాయన్‌లో లక్ష మంది గేలి చేసినా చెదరని గుండె.

చునీకి 1963లో అర్జున అవార్డు, 1983లో పద్మశ్రీ వచ్చాయి. జంషెడ్‌పూర్‌లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ పెట్టినప్పుడు దాని డైరెక్టర్‌గా పనిచేశాడు. కోల్‌కతాకు షెరీఫ్‌గానూ ఉన్నాడు. 2020 జనవరి 15న, ఎనభై రెండో పుట్టినరోజున, తపాలా శాఖ అతని పేరిట బిళ్ల విడుదల చేసింది. ఆ మార్చి 20న పి.కె. బెనర్జీ, ఏప్రిల్ 30న చునీ కన్నుమూశారు. ఆ త్రయంలో చివరివాడు బలరామ్ 2023 ఫిబ్రవరి దాకా ఉన్నాడు.

వచ్చే భాగంలో జకార్తా జట్టును మలిచిన రహీమ్ సాబ్ గురించి, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు గురించి చెప్పుకుందాం. ఆ జట్టు ఆట కళ్లారా చూసిన పెద్దలు జంటనగరాల్లో ఇంకా ఉన్నారు. అలాంటివారు మీ ఇంట్లో ఉంటే వాళ్ల జ్ఞాపకాలను ఇప్పుడే రాసి పెట్టండి. పాత ఫొటోలు, మ్యాచ్ టికెట్లు, పత్రికల కత్తిరింపులు ఉంటే వాటి నకళ్లు మాకు పంపండి.